సూట్‌కేసులో డ్రోన్‌ వస్తోంది... ఎగరేయొచ్చా?

అమెరికా నుంచి అబ్బాయి వస్తున్నాడంటే ఒకప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని జాబితా రాసేవారు. సెంటు సీసాలు, చాక్లెట్లు, కెమెరా... కొన్నాళ్లకి ల్యాప్‌టాప్‌. ఇప్పుడా జాబితా చివర్లో పిల్లలు ఒక కొత్త కోరిక చేరుస్తున్నారు. ‘బాబాయ్‌, నాకు డ్రోన్‌ తెస్తావా!’

అడగడంలో తప్పేముంది? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్లకి అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు డ్రోన్లు మోసుకెళ్లడం టీవీల్లో అందరం చూశాం. మరుసటి నెలలోనే కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌ దగ్గర 5,500కు పైగా డ్రోన్లు ఒక్కసారిగా లేచి ఆకాశంలో బొమ్మలు కట్టాయి. పొలంలో మందు కొట్టేదీ అదే, పెళ్లిలో తలంబ్రాల్ని పైనుంచి చూపించేదీ అదే. ఇన్ని చూసిన పిల్లాడు రిమోటు కోసం చెయ్యి చాపకుండా ఎలా ఉంటాడు!

కాకపోతే ఒక్క సంగతి. మనకది ఆటబొమ్మ. చట్టానికి మాత్రం అది మనిషెక్కని విమానం. (ఆ మాటకొస్తే 1934 నాటి విమానాల చట్టం గాలిపటాన్ని కూడా విమానాల లెక్కలోనే వేసింది! కానీ సంక్రాంతికి పటం ఎగరేసినవాణ్ని ఎవరూ కాగితాలు అడగలేదు. డ్రోన్‌ విషయంలో అడుగుతారు.) అందుకే కొనకముందే, తెమ్మని చెప్పకముందే నాలుగు విషయాలు తెలుసుకోవాలి.

ముందు కస్టమ్స్‌ దాటాలి

మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇదే. 2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్‌ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం విదేశాల నుంచి డ్రోన్ల దిగుమతి నిషేధం. పూర్తిగా తయారైనదే కాదు, విడదీసి పెట్టెలో సర్దిన డ్రోన్‌ కూడా అంతే. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకి మాత్రం మినహాయింపు ఉంది, దానికీ ముందుగా అనుమతి తీసుకోవాలి. విడిభాగాలు తెప్పించుకోవడానికి అడ్డు లేదు.

‘మావాడు వ్యాపారానికి తేవట్లేదండీ, ఒక్కటే, అదీ వాడినదే’ అంటారు. ‘సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితి లోపలే ఉంది కదా’ అని ఇంకొకరు. ఇక్కడ గొడవ సుంకం గురించి కాదు. సుంకం కట్టేస్తే తీరిపోయే విషయమైతే కట్టి తెచ్చుకునేవాళ్లు. నిషేధించిన వస్తువుకి ఆ లెక్క వర్తించదు. ప్రయాణికులు నింపే కస్టమ్స్‌ పత్రంలో డ్రోన్‌ పేరు 2016 ఏప్రిల్‌ నుంచే చేరింది.

మరి అబ్బాయి తెలియక తెచ్చేశాడు, విమానం దిగాడు... అప్పుడేం చెయ్యాలి? బట్టల మధ్య దాచి గ్రీన్‌ ఛానల్‌లోంచి నడిచి వచ్చెయ్యమని సలహా ఇచ్చే మేనమామలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ల మాట వినొద్దు. రెడ్‌ ఛానల్‌కి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు. అలా నిజాయతీగా చెప్పినవాళ్లకి కస్టమ్స్‌ చట్టం 80వ సెక్షన్‌ ఒక దారి చూపిస్తోంది. ఆ వస్తువుని అక్కడే ఉంచుకుని, తిరుగు ప్రయాణంలో వాపసు ఇవ్వమని ప్రయాణికుడు కోరవచ్చు. రసీదు అడిగి తీసుకోవాలి. దాచి దొరికిపోతే ఈ అవకాశం ఉండదు, వస్తువూ పోతుంది, జరిమానా మిగులుతుంది.

అంటే సరదా తీరే మార్గం లేదనా? ఎందుకు లేదు! మనదేశంలో తయారైనవి ఇక్కడే దొరుకుతున్నాయి. పోయేటప్పుడు విరిగిన రెక్కలకి, ఉబ్బిన బ్యాటరీకి బదులు కొత్తవి కొనుక్కోవడమూ తేలికే. ఆ ఖర్చు ఎలాగూ తప్పదు లెండి, నేర్చుకునేటప్పుడు రెక్కలు విరగని డ్రోన్‌ ఉండదు.

పావుకిలో మహిమ

మన దగ్గర డ్రోన్లకి చట్టం వచ్చిన తీరు తమాషాగా ఉంటుంది. 2014 అక్టోబరులో పౌర విమానయాన డైరెక్టరేట్‌, అదే డీజీసీఏ, అనుమతి లేకుండా ఎవరూ ఎగరేయకూడదని ఒక ప్రకటనతో తలుపేసేసింది. 2018 డిసెంబరు నుంచి తలుపు కాస్త తెరిచారు. 2021 మార్చిలో కొత్త నిబంధనలు తెచ్చారు. అవి మరీ చిక్కుముడిలా ఉన్నాయని గోల రావడంతో ఆరు నెలలు తిరక్కుండానే తీసి పక్కనబెట్టి, ఆగస్టు 25న ‘డ్రోన్‌ నియమాలు, 2021’ తెచ్చారు. నింపాల్సిన ఫారాలు 25 నుంచి 5కి, కట్టాల్సిన ఫీజుల రకాలు 72 నుంచి 4కి తగ్గిపోయాయి. మధ్యలో జూన్‌ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో దాడి జరిగింది. అయినా నియమాల్ని సడలించారంటే, మామూలు జనం చేతిలోని డ్రోన్‌ని అనుమానించి లాభం లేదని గ్రహించారన్నమాట. ఇది మెచ్చుకోవాల్సిన విషయమే.

ఈ నియమాలకి మూలం బరువు. 250 గ్రాముల దాకా నానో. అది దాటి 2 కిలోల దాకా మైక్రో. 25 కిలోల దాకా చిన్నవి. ఆపైన మధ్యరకం, పెద్దవి ఉన్నాయిగానీ, వాటితో మనకి పనిలేదు. నానో నడపడానికి పైలట్‌ సర్టిఫికెట్‌ అక్కర్లేదు. మైక్రోని సొంత సరదాకి, డబ్బు తీసుకోకుండా నడుపుకుంటే దానికీ అక్కర్లేదు. మూడో మనిషికి నష్టం జరిగితే చెల్లించే బీమా కూడా నానోకి తప్పనిసరి కాదు, మైక్రోకి కావాలి.

బజారులో చాలా డ్రోన్లు సరిగ్గా 249 గ్రాములే ఎందుకుంటాయో ఇప్పుడర్థమైందా? పావుకిలోకి ఒక్క గ్రాము తక్కువ! ఇక్కడే ఓ చిన్న మెలిక. లెక్కలోకి వచ్చేది ఎగిరేటప్పటి మొత్తం బరువు. రెక్కలకి ప్లాస్టిక్‌ తొడుగులు వేసినా, ఎక్కువసేపు వస్తుందని పెద్ద బ్యాటరీ పెట్టినా, పుట్టినరోజు కదా అని రంగుదీపం అంటించినా కాటా 250 దాటిపోతుంది. వంటింట్లో కాటా ఉంటే ఓసారి తూచి చూసుకోండి.

రంగులు చెప్పే పటం

సర్టిఫికెట్‌ అక్కర్లేదనగానే ఎక్కడైనా ఎగరేయొచ్చని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కులన్నీ వచ్చేది ఇక్కడే. బరువు తగ్గితే కాగితాలు తగ్గుతాయి. చోటు విషయంలో మాత్రం పావుకిలో డ్రోనుకీ, పాతిక కిలోల డ్రోనుకీ ఒకటే పటం.

2021 సెప్టెంబరులో కేంద్రం డిజిటల్‌ స్కై వెబ్‌సైట్లో దేశమంతటి గగనతల పటం పెట్టింది. అందులో మూడు రంగులు. పచ్చరంగు చోట 400 అడుగుల ఎత్తు దాకా, అంటే 120 మీటర్లు, ఎవరినీ అడగక్కర్లేదు. దాదాపు నలభై అంతస్తుల భవనమంత ఎత్తది, సరదాకి కావాల్సిన దానికన్నా ఎక్కువే. పసుపు చోట ఆ ప్రాంతపు విమానాల రాకపోకల్ని నియంత్రించే అధికారుల అనుమతి ఉండాలి. ఎరుపు చోట కేంద్రం అనుమతి లేనిదే రిమోటు ముట్టుకోకూడదు.

విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపైతే నేల మీంచి లేవడానికే అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో 200 అడుగుల దాకా ఎగరేసుకోవచ్చు. ‘అంత దూరం ఎందుకండీ, విమానాలు ఎక్కడో పైన పోతాయి కదా’ అనిపిస్తుంది. దిగే విమానాన్ని లెక్కేసి చూడండి. రన్‌వేకి 5 కిలోమీటర్ల దూరంలో ఉండగానే అది సుమారు 260 మీటర్ల ఎత్తుకి వచ్చేస్తుంది. 2 కిలోమీటర్లుందనగా దాదాపు 105 మీటర్లు. మన డ్రోన్‌ వెళ్లగలిగే ఎత్తు 120. ఇక హెలికాప్టర్‌ సంగతైతే చెప్పనే అక్కర్లేదు, అది ఎటు నుంచి ఎంత కిందగా వస్తుందో ఎవరికీ తెలియదు. మనుషులున్న విమానం ఏది కనబడినా డ్రోనే దారివ్వాలి, అదీ నియమమే.

హైదరాబాదు వాళ్లకి ఈ పటం కొంచెం బాధ కలిగిస్తుంది. ఒకపక్క శంషాబాద్‌, నడిబొడ్డున బేగంపేట, పైన హకీంపేట, దుండిగల్‌ వైమానిక స్థావరాలు. ఈ వలయాలన్నీ గీస్తే నగరంలో మిగిలే పచ్చరంగు తక్కువే. అపార్టుమెంటు మేడ మీద నుంచి సరదాగా లేపుదామంటే కుదిరే చోట్లు కొద్ది. గోల్కొండ కోట పైనుంచి బాగుంటుందని ఆశపడతారు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, పక్కనే సైన్యం వారి ఆర్టిలరీ కేంద్రం. విశాఖలో సముద్రం కనిపించగానే డ్రోన్‌ తీయాలనిపిస్తుంది. అది తూర్పు నౌకాదళానికి కేంద్రం, విమానాశ్రయం కూడా నౌకాదళం వారిదే. బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి ఆదివారం కార్లు బారులు తీరుతాయి. అక్కడే వైమానిక దళ స్థావరం ఉందన్నది ఎంతమంది గమనిస్తారు? తిరుమల కొండ మీద డ్రోన్లు పూర్తిగా నిషేధం. భక్తితోనే తీశామన్నా ఒప్పుకోరు.

పటంలో పచ్చగా ఉన్న చోటు కూడా రాత్రికి రాత్రి ఎర్రబడొచ్చు. ముఖ్యమంత్రి పర్యటన ఉందనుకోండి, పెద్ద సభ ఉందనుకోండి, ఒక చోటుని 96 గంటల దాకా తాత్కాలికంగా ఎరుపు ప్రాంతంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, పోలీసులకీ ఉంది. అందుకే పోయిన నెల చూశాం కదా అనుకోకుండా, ఎగరేసే రోజు పొద్దున్నే పటం చూడాలి. పచ్చ ప్రాంతంలో పోలీసులకి ముందుగా చెప్పాలని నియమమేమీ లేదు. అయినా పల్లెల్లో కొత్తగా ఎగరేసేవాళ్లు ఊళ్లో పెద్దలకి ఓ మాట చెప్పి మొదలెడితే మంచిది. రాత్రిపూట డ్రోన్‌ కనిపిస్తే దొంగలు రెక్కీకి వచ్చారని ఊరంతా కర్రలు పట్టుకుని లేచే రోజులివి!

నంబరు, సర్టిఫికెట్‌

మోటారు సైకిలుకి నంబరు ప్లేటున్నట్టే డ్రోనుకీ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. దాన్ని యూఐఎన్‌ అంటారు. దరఖాస్తు ఆన్‌లైన్లో డీజీసీఏకి చెయ్యాలి, ఫారం పేరు డి-2, ఫీజు వంద రూపాయలు. నానోకి సర్టిఫికెట్‌ అక్కర్లేదన్న మినహాయింపు ఈ నంబరుకి వర్తించదని గుర్తుంచుకోండి. అందుకే కొనేటప్పుడే దుకాణంలో ఒక ప్రశ్న వెయ్యాలి. ‘దీనికి యూఐఎన్‌ తీసుకోవడానికి కావాల్సిన కాగితాలు మీరిస్తారా?’ నీళ్లు నమిలితే ఆ డ్రోన్‌ ఎంత చవకైనా వదిలేసి రండి. నిబంధనలు మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉండొచ్చు.

మనం లైసెన్సు అని పిలిచేదాని పేరు 2022 ఫిబ్రవరి నుంచి రిమోట్‌ పైలట్‌ సర్టిఫికెట్‌. 18 ఏళ్లు నిండి, 65 దాటకుండా ఉండాలి, పదో తరగతి పాసవ్వాలి, డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పొందాలి. ఒకసారి తీసుకుంటే పదేళ్లు చెల్లుతుంది. మొదట్లో పాస్‌పోర్టు అడిగేవారు. పల్లెటూరి కుర్రాళ్లకి పాస్‌పోర్టు ఎక్కణ్నుంచి వస్తుంది? 2023 సెప్టెంబరులో ఆ షరతు తీసేశారు. ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు, ఓటరు కార్డో రేషన్‌ కార్డో డ్రైవింగ్‌ లైసెన్సో చిరునామాకి చూపిస్తే చాలు. బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్‌ అకాడమీ, గుంటూరు లాంలోని ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇలాంటి శిక్షణ ఇచ్చిన సంస్థలే. చేరబోయే చోటుకి గుర్తింపు ఇంకా అమల్లో ఉందో లేదో డీజీసీఏ జాబితాలో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

సరదాకి ఎగరేసేవాళ్లకి ఇదంతా ఎందుకంటారా? సరదా ఎప్పుడు సంపాదనవుతుందో చెప్పలేం. మైక్రో డ్రోనుతో చుట్టాలింట్లో పెళ్లి తీసిపెట్టి ఊరుకుంటే అది సరదా. వాళ్లిచ్చిన డబ్బు జేబులో వేసుకున్నారా, ఆ క్షణం నుంచి సర్టిఫికెట్‌ కావాలి. మీ ఇంట్లో పెళ్లికి డ్రోన్‌ మాట్లాడుకునేటప్పుడు కూడా ఫొటోగ్రాఫర్ని సర్టిఫికెట్‌, బీమా చూపించమని అడగండి. మండపంలో ముత్తయిదువుల నెత్తి మీద నాలుగు రెక్కలు గిర్రున తిరుగుతుంటే బీమా ఉందో లేదో తెలుసుకోవాల్సింది ఆడపెళ్లివారే మరి.

నేల వదిలే ముందు

మొదటి పాఠం ఇంటి దగ్గర వద్దు. కోతలైన పొలమో, సెలవు రోజు బడి మైదానమో చూసుకోండి. కరెంటు తీగలు, సెల్‌ టవర్లు లేని చోటు. రెండు మీటర్ల ఎత్తున నిలిపి ఉంచడమే మొదటిరోజు పని. రెండోరోజు ముక్కు మీవైపు తిప్పి నడిపి చూడండి. డ్రోన్‌ మనకి ఎదురుగా ఉన్నప్పుడు దాని కుడి మనకి ఎడమ. చెట్టుకి గుద్దుకునే కొత్తవాళ్లలో చాలామంది తికమకపడేది అక్కడే. అది చేతికి అలవాటయ్యేదాకా ఎత్తు, దూరం జోలికి పోవద్దు.

ఒక మీట నొక్కితే బయల్దేరిన చోటుకే తిరిగొస్తుందని పెట్టె మీద రాసి ఉంటుంది. నిజమే. కానీ బయల్దేరే ముందు ఉపగ్రహాల సంకేతం అందుకుని, ఇల్లెక్కడో గుర్తుపెట్టుకునేదాకా ఆగాలి. తిరిగొచ్చే ఎత్తుని చుట్టుపక్కల కొబ్బరిచెట్ల కన్నా పైన పెట్టాలి. లేకపోతే నేరుగా వచ్చి మట్టల్లో ఇరుక్కుంటుంది. చవకరకం బొమ్మ డ్రోన్లలో ఈ ఏర్పాటే ఉండదు, గాలి ఎటు తోస్తే అటు పోతాయి. కింద కదలని ఆకు పైన అల్లాడుతుంటుంది, ఆషాఢ గాలుల్లో మరీనూ. ఎదురుగాలికి వెనక్కి రావడానికి బ్యాటరీ రెట్టింపు ఖర్చవుతుంది కాబట్టి మూడోవంతు మిగిలుండగానే వెనక్కి తిప్పండి. గోదావరి నీటిని ఆనుకుని ఎగరేస్తే వీడియో అద్భుతంగా వస్తుందిగానీ, నేలని చూసి ఎత్తు లెక్కగట్టే సెన్సార్లు కదిలే నీళ్ల మీద మోసపోతాయి. సంక్రాంతి మూడురోజులూ డ్రోన్‌ పెట్టెలోనే ఉండాలి, మాంజా చుట్టుకుంటే రెక్క ఆగిపోయి రాయిలా పడుతుంది. గద్దలున్న చోట కూడా జాగ్రత్త, వాటి గూడు దగ్గరికి ఏది వచ్చినా ఊరుకోవు. మే నెలలో బ్యాటరీని కారులో వదిలి వెళ్లకూడదు, ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగ్‌ పెట్టకూడదు. విమానంలో తీసుకెళ్తే విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి.

కెమెరా ఉంది కాబట్టి ఇంకో మాట. ఎదురింటి డాబా మీద అప్పడాలు ఆరబెట్టుకునే ఇల్లాలికి నెత్తిన ఝుమ్మని కెమెరా తిరిగితే ఎలా ఉంటుంది? మీ పిల్లాడికి దురుద్దేశం లేకపోవచ్చు. ఆవిడకా సంగతి తెలియదు. స్త్రీల ఏకాంతాన్ని చాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌ కింద నేరం. రిమోటు పిల్లల చేతికిచ్చే ముందే పక్కవాళ్ల మేడల మీదికి పోకూడదని గట్టిగా చెప్పాల్సిన బాధ్యత పెద్దలది. పోనీ ఏదైనా ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. 48 గంటల్లోగా డీజీసీఏకి ఆన్‌లైన్లో తెలియజేయాలి.

డ్రోన్ల కోసం విడిగా ఒక చట్టమే తేవాలని కేంద్రం 2025 సెప్టెంబరులో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. శిక్షలు, బీమా విషయంలో అది మరింత గట్టిగా ఉంది. కాబట్టి కొనే నాటికి నియమాలు ఎలా ఉన్నాయో మరోసారి చూసుకోండి.

అక్కడి పిల్లలకీ...

ఇక్కడికి తేవద్దంటున్నాం కాబట్టి డ్రోన్‌ అమెరికాలోనే మీ మనవడి దగ్గర ఉంటుంది. అక్కడా నియమాలున్నాయి. సరదాకి ఎగరేసే ప్రతివారూ ట్రస్ట్‌ అనే చిన్న ఆన్‌లైన్‌ పరీక్ష పాసై ఆ పత్రం దగ్గర ఉంచుకోవాలి. దానికి ఫీజు లేదు. 250 గ్రాములు మించినదైతే రిజిస్టర్‌ చేయించాలి, అయిదు డాలర్లు, మూడేళ్లు చెల్లుతుంది.

2025 జనవరిలో లాస్‌ఏంజెలెస్‌ కొండల్లో కార్చిచ్చు రేగినప్పుడు ఓ మనిషి మంటలు చూద్దామని పార్కింగ్‌ భవనం పైనుంచి డ్రోన్‌ లేపాడు. అది రెండున్నర కిలోమీటర్లు పోయి కంటికి కనబడకుండా పోయింది. మంటలమీద నీళ్లు చల్లుతున్న కెనడా విమానం రెక్కకి తగిలి చిల్లు పెట్టింది. పైలట్లు క్షేమంగా దిగారుగానీ, ఇళ్లు తగలబడుతున్న రోజుల్లో ఆ విమానం మరమ్మతు కోసం నేల మీదే ఉండిపోయింది. నేరం ఒప్పుకున్న ఆ మనిషి 65 వేల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టడానికి అంగీకరించాల్సి వచ్చింది. కంటికి కనిపించినంత దూరమే ఎగరేయాలన్న నియమం అక్కడా ఉంది, మన దగ్గర సరదా డ్రోన్లకీ ఉంది.

ఈ వేసవిలో అబ్బాయి మిమ్మల్ని అక్కడికి పిలిపించుకుని గ్రాండ్‌ కాన్యన్‌ చూపిస్తానంటే సంతోషంగా వెళ్లి రండి. డ్రోన్‌ మాత్రం ఇంట్లోనే పెట్టి రమ్మనండి. అమెరికా జాతీయ పార్కుల్లో 2014 నుంచి వాటికి ప్రవేశం లేదు.